నీలం చెప్పు ముక్క

పికప్ బళ్ళ స్టాండులో పొద్దున్న ఏడు నుంచి తొమ్మిది దాకా జరిగేది పని కాదు, రోగాల కబుర్లు. లోడు పిలుపులు తొమ్మిదికి గాని మొదలుకావు. ఈలోగా బళ్ళన్నీ గోడ వారగా వరసలో పెట్టి, వాటి యజమానులు టీ కొట్టు ముందు చేరతారు. ఒకాయన బండికి పొద్దున్నే సెల్ఫ్ అందదు. ఇంకొకాయన బండి మూడో గేరు నుంచి రెండుకి దిగనని మొరాయిస్తుంది. ఒకరికి క్లచ్ ప్లేటు ఆర్నెల్లకే అరిగింది, ఒకరికి ఎడమ తలుపు లోపలి నుంచి తెరుచుకోదు. కడుపున పుట్టిన పిల్లలకి జ్వరమొస్తే కూడా ఇంత వివరంగా చెప్పుకోరు.

ఈ కబుర్లంటే డాక్టరుకి అసహ్యం. డాక్టరంటే మందులిచ్చే డాక్టరు కాదు. అతనిదీ పికప్ బండే, పదకొండేళ్ళది. బానెట్ మీద చెవి ఆనించి రోగం చెప్పేస్తాడని స్టాండువాళ్ళు పెట్టిన పేరది. అసలు పేరు వాళ్ళావిడ కూడా మరిచిపోయి ఉంటుంది. అతను ఒక ప్లాస్టిక్ డబ్బా బోర్లించుకుని కూర్చుని, గోళ్ళలో గ్రీజు గీరుకుంటూ, వీళ్ళ మొహాలకి బళ్ళెందుకు అనుకునేవాడు. అనుకునేవాడే గాని లేచి వెళ్ళేవాడు కాదు. ఎంత వాగినా చివరికి అందరూ తన వైపే తిరుగుతారని అతనికి తెలుసు. ఆ తిరగడం కోసమే కూర్చునేవాడు.

ఆ బుధవారం ముందు హారన్ వంతు వచ్చింది. బండికి ఏ కొత్త మోత దొరికితే అది తగిలించుకుంటాడు కాబట్టి అతను హారన్.

"ఒక్క మీట నొక్కితే ఏడు రకాలన్నా! చంటిపిల్ల ఏడుపు కూడా ఉంది, వినండి" అని బండిలోకి చెయ్యి పెట్టి నొక్కాడు. టీ కొట్టాయన చేతిలో గ్లాసు సగం ఒలికింది. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

"ముందు నీ బ్రేకు లైటు బాగు చేయించుకో. నెలయింది వెలిగి" అన్నాడు డాక్టరు.

"బ్రేకు లైటు వెనకొచ్చేవాడికి కదన్నా. హారన్ మనకి."

డాక్టరు పక్కకి తిరిగి ఉమ్మేశాడు. 

తరవాత మైలేజీ వచ్చాడు. ఇతను లీటరుకి ఎంత ఇస్తోందో చెప్పకుండా ఏ మాటా మొదలుపెట్టడు. ఆ రోజు మాత్రం మైలేజీ ఊసెత్తలేదు. "డాక్టరూ, ఖాళీగా ఉంటే బాగానే ఆగుతోంది. లోడు వేస్తే మాత్రం ఎంత తొక్కినా లాక్కుపోతోంది. నిన్న రైలు గేటు దగ్గర గుండె నోట్లోకొచ్చింది."

"పట్టీలు వేయించావా?"

"పోయిన వారమే. అదనంగా రెండు."

డాక్టరు నవ్వాడు. పట్టీలు వేయించనివాడు ఆ స్టాండులో లేడు. వెనక చక్రాల మీద కంపెనీ ఇచ్చిన కమాన్ పట్టీలు కంపెనీ చెప్పిన బరువే మోస్తాయి, అది ఎవరికి సరిపోతుంది? కింద ఇంకో రెండు ఉక్కు పట్టీలు దూర్చి బిగిస్తే రెండింతలు వేసుకోవచ్చు. వచ్చిన చిక్కల్లా ఒకటే. వెనక ఇరుసు దగ్గర చిటికెన వేలంత కడ్డీ ఒకటి ఉంటుంది. లోడుకి బాడీ కిందికి దిగితే ఆ కడ్డీ పైకి లేస్తుంది, అప్పుడు బ్రేకు వాల్వు వెనక చక్రాలకి గట్టిగా పంపుతుంది. బాడీ దిగకపోతే, పాపం, బండి ఖాళీ అనుకుని కొంచెమే పంపుతుంది. పట్టీలు ఎక్కువైన బండి ఎంత మోసినా దిగదు. వాల్వు మోసపోతుంది. దీనికి వైద్యం కనిపెట్టింది డాక్టరే. కడ్డీని పైకెత్తి, ఎత్తినచోటే బైండింగ్ వైరుతో కట్టెయ్యడం. ఇక వాల్వుకి బండి ఎప్పుడూ నిండుగానే ఉన్నట్టు లెక్క.

అతను గోనెపట్టా పరుచుకుని మైలేజీ బండి కింద వెల్లకిలా దూరాడు. చొక్కా జేబులోంచి చదరంగా కోసిన నీలం రబ్బరు ముక్క తీశాడు. అది పాత హవాయి చెప్పు ముక్క. తీగ ఇనుముకి తగిలి గలగలమనకుండా మధ్యలో అది పెట్టడం అతని సొంత పద్ధతి. దాని మీంచి తీగని మూడు చుట్లు తిప్పి, కటింగ్ ప్లేయరుతో మెలిపెట్టి, మొన లోపలికి వంచాడు.

"జన్మలో కదలదు" అంటూ బయటికొచ్చాడు.

"ఖాళీగా ఉన్నప్పుడు ఏమవుతుంది?"

"ఖాళీగా నువ్వెప్పుడు తిరిగావులే" అన్నాడు డాక్టరు. అంతా నవ్వారు. మైలేజీ అతనికి టీ చెప్పాడు.

అప్పుడు వచ్చింది పరుపులావిడ. ఎనిమిది నెలల కిందట నాలుగు బళ్ళాయన దగ్గర పాత బండి కొనుక్కుని స్టాండులో చేరింది. నాలుగు బళ్ళాయన స్టాండుకి ప్రెసిడెంటు, ఆయనే అమ్మాడు కాబట్టి కాదనలేక చేర్చుకున్నారు. ఆవిడ తోలేవి పరుపులు, దిళ్ళు, సోఫా మెత్తలు. బాడీ కొండలా కనబడుతుంది, బరువు మాత్రం ఇద్దరు మనుషులంత ఉండదు. ఆవిడ బండిలో సీట్లకి పూలు కుట్టిన కవర్లు ఉన్నాయని మగాళ్ళు నవ్వుకునేవాళ్ళు. తమ బళ్ళకి గంటలూ రంగు దీపాలూ వేలాడేసుకున్నవాళ్ళే.

"డాక్టరుగారూ" అంది ఆవిడ. "బ్రేకు కొడితే వెనక భాగం తోకలా తిరుగుతోందండీ. నేల తడిగా ఉంటే మరీనూ. నేనిది చెప్పడం మూడోసారి."

"పాదం తేలిగ్గా పెట్టమ్మా. బ్రేకు మీద ఎక్కి నిలబడితే ఎలా?"

"వాళ్ళింట్లో కుట్టుమిషను ఉంది కదా, ఆ తొక్కుడు అలవాటైంది" అన్నాడు హారన్.

నవ్వులు తగ్గేదాకా ఆవిడ ఆగింది. "కుట్టుమిషను మా ఆయన తొక్కుతాడు. ఒక్కసారి కిందికి దూరి చూడండి. మీరు చూస్తే నాకు ధైర్యం."

గోనెపట్టా ఇంకా నేల మీదే పరిచి ఉంది. చొక్కా ఎలాగూ మాసింది. కటింగ్ ప్లేయరు చేతిలోనే ఉంది. డాక్టరు ఒక అడుగు వేశాడు కూడా.

"జాగ్రత్త డాక్టరూ! ఆ బండి కింద దూరితే ఇక బయటికి రాబుద్ధి కాదేమో" అన్నాడు హారన్, కన్ను గీటి. ఎవరో ఈల వేశారు.

డాక్టరు వంగి గోనెపట్టా చుట్టేశాడు. "కిందికెందుకమ్మా, వింటే తెలియట్లా? బండి ఖాళీగా గంతులేస్తోంది, అంతే. వెనక రెండు ఇసుక బస్తాలు వేసుకో."

"తడి ఇసుక అంటితే పరుపులు ఎవరు తీసుకుంటారండీ?" అంది ఆవిడ.  ఆవిడ వంతు ముందే వచ్చింది ఆ రోజు. చినుకులు మొదలవుతుండగా బండి తీసుకుని వెళ్ళిపోయింది.

పదకొండు గంటలకి తిరిగొచ్చింది. అప్పటికి వాన గట్టిపడింది. టీ కొట్టాయన తల మీద సంచీ కప్పుకుని, బళ్ళలో కూర్చున్నవాళ్ళకి గ్లాసులందిస్తున్నాడు. ఆవిడ బండి మలుపు తిరిగింది. వేగం లేదు, అది అందరూ చూశారు. సైకిలొకటి అడ్డం వచ్చింది. ఆవిడ బ్రేకు కొట్టింది. వెనక చక్రాలు రెండూ బిగుసుకుపోయి, తిరగడం మానేసి, నీళ్ళ మీద జారాయి. ముందు భాగం ఆగింది, వెనక భాగం ఆగలేదు. బండి అడ్డంగా తిరిగి, బాడీ మూల టీ కొట్టు ముందున్న ఇనప బల్లని కొట్టింది. బల్ల వెళ్ళి టీ కొట్టాయన పాదాన్ని గోడకేసి నొక్కింది.

ఆయన కేక వెయ్యలేదు. "అబ్బ" అని మెల్లిగా అని, చేతిలోని నాలుగు గ్లాసులూ ఒలక్కుండా గోడ మీద పెట్టి, అప్పుడు కూలబడ్డాడు. పరుపులావిడ దిగి పరుగెత్తుకొచ్చి బల్ల ఎత్తబోయింది. ఒక్కతే ఎత్తలేకపోయింది. మిగతావాళ్ళు రావడానికి కొంచెం సేపు పట్టింది. హారన్ ముందు ఫోనులో ఫోటో తీసుకున్నాడు.

ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఆవిడే, అదే బండిలో, పూల కవరు సీటు మీద. బండి మలుపు దాటిందో లేదో ఇక్కడ పంచాయితీ మొదలైంది.

"ఆడమనిషికి స్టీరింగు ఇస్తే ఇంతే."

"లైసెన్సు ఎలా తెచ్చుకుందో అసలు."

"బ్రేకుకీ క్లచ్‌కీ తేడా తెలియదు, నేనెప్పుడో అనుకున్నా" అన్నాడు మైలేజీ. అతనికి ఆవిడ డ్రైవింగు గురించి అంతకుముందు ఏ అభిప్రాయమూ లేదు.

అందరూ డాక్టరు వైపు తిరిగారు.

"పొద్దున్నే చెప్పాను, పాదం తేలిగ్గా పెట్టమని" అన్నాడు డాక్టరు. "వింటేగా."

ఆ మాట అందరికీ నచ్చింది. సాయంత్రానికి అది స్టాండు మొత్తం తిరిగింది. పొద్దున్నే డాక్టరు చెప్పాడట, ఆవిడ వినలేదట.

గురువారం నాలుగు బళ్ళాయన డాక్టరుని పక్కకి పిలిచాడు. మెత్తగా మాట్లాడతాడు, భుజం మీద చెయ్యి వేసి మరీ మాట్లాడతాడు. ఆయన చేతికెప్పుడూ ఏదో తలనూనె వాసన. చెయ్యి తీసేశాక కూడా చొక్కాకి ఆ వాసన ఉండేది, డాక్టరుకి అది పడదు.

"శనివారం మీటింగు పెట్టాను. ఆవిడ పేరు బోర్డు మీంచి తీసేద్దామని అందరి మాట. బండి తప్పేమీ లేదని నీ నోటితో ఒక్క ముక్క చెబితే చాలు. బ్రేకులు బాగానే ఉన్నాయని. ఒకసారి చూసి రా, చూడలేదని రేపు అనకుండా."

"చూడకుండా చెప్పమంటే చెప్పనుగా" అన్నాడు డాక్టరు బింకంగా.

"అందుకే చూసి రమ్మంటున్నా" అని ఆయన నవ్వాడు.

బోర్డు మీంచి పేరు తీసేస్తే ఆ మనిషికి స్టాండులో వంతు ఉండదు. వంతు లేని బండికి మార్కెట్లో ఎవరూ లోడు ఇవ్వరు. ఆ సంగతి చెప్పడానికి ప్రెసిడెంటు అక్కర్లేదు.

శుక్రవారం మధ్యాహ్నం డాక్టరు పరుపులావిడ ఉండే సందుకి వెళ్ళాడు. సందు పొడవునా ఫోము తునకలు వానకి తడిసి కాలవలో పేరుకున్నాయి. బండి ఇంటి ముందే ఉంది, కుడి మూల రేకు లోపలికి మడతపడి. గుమ్మంలో ఆవిడ భర్త మిషను దగ్గర కూర్చుని మెత్తకి జిప్పు కుడుతున్నాడు. తలెత్తి చూశాడు, రమ్మనలేదు, పొమ్మనలేదు. మళ్ళీ కుట్టుకున్నాడు.

పరుపులావిడ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. "ఆసుపత్రి నుంచి ఇప్పుడే వచ్చానండీ. పాదంలో రెండు ఎముకలు విరిగాయట. మూడు నెలలు నేల మీద పెట్టకూడదన్నారు." బండి వైపు చూసి, "చూడ్డానికొచ్చారా?" అంది.

"ఆ. ప్రెసిడెంటుగారు చూడమన్నారు."

"నేను మూడుసార్లు చూడమన్నాను" అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. లెక్క చెప్పినట్టుంది.

ఆవిడే చాప తెచ్చి పరిచింది. డాక్టరు కిందికి దూరాడు. బురద, పాత గ్రీజు, వాటికి అంటుకున్న ఫోము పొడి. వెనక ఇరుసు దాకా జరిగి, సెల్‌ఫోను దీపం వేసి, బ్రేకు గొట్టాలు తడిమాడు. కారడం లేదు. ఇరుసు మీదికి దీపం తిప్పాడు.

నీలంగా కనబడింది.

మొదట మురికేమో అనుకున్నాడు. బొటనవేలితో రుద్దాడు. నీలమే. చదరంగా కోసిన ముక్క, దాని మీంచి మూడు చుట్లు తీగ, మెలిపెట్టిన మొన లోపలికి వంచి ఉంది. తీగ తుప్పుపట్టి కడ్డీలో కలిసిపోయింది, ముక్క మాత్రం నిక్షేపంలా ఉంది. ఈ బండి నాలుగు బళ్ళాయన దగ్గర ఉన్నప్పుడు, సిమెంటు తోలే రోజుల్లో, తనే కట్టాడు. జన్మలో కదలదని ఆ రోజూ అనే ఉంటాడు.

కదల్లేదు. ఖాళీ బండి ప్రతి బ్రేకుకీ సిమెంటు మోస్తున్నట్టే బిగుసుకుంది. ఎనిమిది నెలలు.

"ఏమైనా కనబడిందాండీ?" ఆవిడ రెండో పక్క నుంచి చెంప నేలకి ఆనించి చూస్తోంది. "ఆ నీలందేమిటి? కొన్నప్పటి నుంచీ ఉంది. కంపెనీదేమో అనుకున్నా."

డాక్టరు నోట్లో మట్టి పడింది. "పాతది... ఏదో" అన్నాడు. "బ్రేకులు పట్టుకుంటున్నాయి."

అది అబద్ధం కాదు. అంతకన్నా నీచం. బయటికొచ్చి ఆవిడ మొహం చూడకుండా చేతులు కడుక్కుని వచ్చేశాడు. ఆవిడ ఇచ్చిన తువ్వాలు అందుకోలేదు, ప్యాంటుకే తుడుచుకున్నాడు.

ఇంటికొచ్చి తిన్నగా పెరట్లోకి వెళ్ళాడు. నీళ్ళ తొట్టి వెనక అతని పనిముట్ల డబ్బా ఉంది. అందులో వాళ్ళావిడ పాత నీలం చెప్పులు. ఒకటి అప్పటికే అయిపోయింది, బొటనవేలి దగ్గర వంకర అంచు మాత్రం మిగిలింది. రెండోది మడమ నుంచి సగం దాకా అయిపోయింది. అంగుళం అంగుళం చొప్పున చదరాలు కోసుకుంటూ పోయిన గాట్లు. లేనిచోట వేలితో కొలుస్తూ, పోయిన ముక్కలన్నీ లెక్కపెట్టాడు. రెండు చెప్పులవీ కలిపి ఇరవై మూడు.

ఇరవై మూడు బళ్ళు. అందులో ఎన్ని స్టాండులో ఉన్నాయి, ఎన్ని అమ్ముడుపోయి ఏ ఊళ్ళో ఎవరి చేతికింద తిరుగుతున్నాయి, ఎవరు వానలో బ్రేకు కొడుతున్నారు? ఒక ముక్క తన బండి కిందే ఉంది. 

"ఏవండీ, ఆ చెప్పులతో ఇంకా పనుందా? ఇన్నాళ్ళూ పారెయ్యనివ్వలేదు" అంది వాళ్ళావిడ, తలుపు దగ్గర నిలబడి.

అతను చెప్పాడు. ఎలా చెప్పాలో తెలియక కడ్డీ, వాల్వు, పట్టీలతో మొదలుపెట్టాడు. ఆవిడ మధ్యలోనే ఆపింది.

"ఆవిడ అడిగినప్పుడు ఎందుకు చూడలేదు?"

"వాళ్ళు నవ్వారు."

"నవ్వితే?"

 ఇన్నేళ్ళూ ఎవరిని చూసి అసహ్యించుకున్నాడో, వాళ్ళ ఈల ఒకటి వినబడగానే గోనెపట్టా చుట్టేశాడు. తనని తను ఒలిచి పారేసుకోవాలనిపించింది. వాళ్ళావిడ చెప్పులు రెండూ తీసుకెళ్ళి చెత్తలో వేసింది. చెయ్యి రెండుసార్లు సబ్బుతో కడుక్కుంది.

శనివారం మీటింగుకి అందరూ వచ్చారు. టీ కొట్టు తెరిచే ఉంది, టీ కొట్టాయన భార్య నడుపుతోంది. ఆవిడకి ఎవరు చక్కెర ఎక్కువ తాగుతారో తెలియదు, అడిగి అడిగి పోస్తోంది. గోడకి నల్ల బోర్డు. అందులో వరస నంబర్లు, పక్కన పేర్లు. పదిహేడో నంబరు ఎదురుగా పేరు కూడా రాయలేదు, 'పరుపులు' అని రాశారు. పరుపులావిడ బోర్డు పక్కనే నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు.

"మనం ఒక కుటుంబంలా ఉంటాం" అని మొదలుపెట్టాడు నాలుగు బళ్ళాయన. "చెల్లెమ్మ మీద ఎవరికీ కోపం లేదు. కానీ ఒక మనిషి కాలు పోయింది. డాక్టరు బండి చూసొచ్చాడు. బ్రేకులు ఎలా ఉన్నాయి డాక్టరూ?"

డాక్టరు డబ్బా మీంచి లేచాడు. 

"బ్రేకు కడ్డీకి తీగ కట్టి ఉంది" అన్నాడు. "ఖాళీ బండికి ఆ తీగ ఉంటే తడి నేల మీద వెనక చక్రాలు బిగుసుకుంటాయి. ఎవరు తోలినా తిరుగుతుంది. నేను తోలినా తిరుగుతుంది. ఆ తీగ కట్టింది నేను. ఆవిడ మూడుసార్లు చూడమంది, నేను వంగలేదు. ఆయన కాలు విరగ్గొట్టింది నేను."

ఇక ఉమ్మేస్తారు అనుకున్నాడు డాక్టరు. చెయ్యెత్తినా ఎత్తుతారు. ఎత్తితే బాగుండుననుకున్నాడు.

"ఛ, ఊరుకో డాక్టరూ" అన్నాడు మైలేజీ. "నువ్వు కావాలని కట్టావా?"

"మంచికే కదా కట్టింది" అన్నాడు ఇంకొకాయన.

"కూర్చో అన్నా, కూర్చో. మొహం చూడు ఎలా అయిపోయిందో. వదినా, మా డాక్టరుకి ఒక టీ!" అని హారన్ కేక వేశాడు. ఎవరో అతని వీపు నిమిరారు. నాలుగు బళ్ళాయన లేచొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు, తలనూనె వాసనతో సహా.

"ఇంత నిజాయితీగా చెప్పేవాడు ఏ స్టాండులో ఉన్నాడు, చెప్పండి? సరే, తీగ ఉంది. మన అందరి బళ్ళకీ ఉంది. మనం ఎవరినైనా గుద్దామా? తీగ ఉన్న బండిని తోలడం రావాలి. అదీ అసలు సంగతి."

తలలు ఊగాయి. అంతసేపు ఇబ్బందిగా కదిలినవాళ్ళందరికీ ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది. అవును మరి, తోలడం రావాలి. చేతులెత్తమన్నాడు ప్రెసిడెంటు. ఎత్తారు. నాలుగు బళ్ళాయన తడిగుడ్డ తీసుకుని పదిహేడో నంబరు పక్కన తుడిచాడు. సుద్ద కారి, పద్దెనిమిదో నంబరు మీదికి తెల్లటి చార దిగింది.

డాక్టరు చెయ్యెత్తలేదు. ఎత్తలేదని ఎవరూ గమనించలేదు కూడా. అతన్ని అప్పటికే క్షమించేశారు, ఒక్క నిమిషంలో, అడక్కుండానే. ఇంత చవకగా క్షమించేవాళ్ళ మధ్య పదకొండేళ్ళు కూర్చున్నందుకు అతనికి ఒళ్ళంతా జిడ్డుగా అనిపించింది.

టీ గ్లాసు రాలేదు. టీ కొట్టాయన భార్య గరిట పట్టుకుని అలాగే నిలబడింది.

"మీలో మీరు అన్నీ మాఫీ చేసేసుకున్నారు" అంది. "విరిగింది మా ఆయన కాలు కదా. నన్నెవరూ అడగలేదేం?"

"అయ్యో వదినా, అలా కాదు..."

"ఆవిడ నాలుగు రోజులుగా ఆసుపత్రికి వస్తోంది. మీరెవరైనా వచ్చారా?" అని ఆవిడ స్టవ్ ఆపేసింది. "ఇవాళ టీ లేదు. పొండి."

 తుడిచేసిన బోర్డు వైపు ఒకసారి, డాక్టరు వైపు ఒకసారి చూసి, పరుపులావిడ బండెక్కింది. ఆ చూపులో కృతజ్ఞత ఉందేమోనని డాక్టరు వెతుక్కున్నాడు. లేదు. వెతుక్కున్నందుకు సిగ్గుపడ్డాడు.

సోమవారం పొద్దున్న ఆవిడ బండి స్టాండులో లేదు. రోడ్డుకి అవతల, మూతపడ్డ గోదాము గోడ పక్కన ఉంది. ఒంటరిగా, మడతపడ్డ మూలతో. కనబడేలా పెట్టిన అట్టముక్క మీద పెద్ద అక్షరాలు: 'తేలిక లోడ్లు.' ఇవతల కబుర్లు యథాప్రకారం మొదలయ్యాయి. హారన్ చంటిపిల్ల ఏడుపు మీట నొక్కి అవతలి వైపు వినిపించాడు. నవ్వులు.

డాక్టరు బండి మెల్లిగా వచ్చింది. అతని చోటు ఖాళీగానే ఉంది, ప్లాస్టిక్ డబ్బా కూడా ఎవరో బోర్లించి పెట్టారు. బండి ఆగలేదు. రోడ్డు దాటి, గోదాము గోడ వారగా, పరుపులావిడ బండి వెనక ఆగింది.

"ఏంటన్నా, దారి తప్పావా?" అని ఇవతల నుంచి కేక.

ఆవిడ దిగి వచ్చింది. నమస్కారం పెట్టలేదు, కూర్చోమనలేదు. అతని బండి వెనక్కి వెళ్ళి, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, వంగి, తల బాగా కిందికి దించి చూసింది. లేచి నిలబడింది.

"మీది ఇంకా ఉందే" అంది.

 నిన్న ఆదివారం డాక్టరు రోజంతా ఖాళీగానే ఉన్నాడు. తియ్యాలనుకున్నాడు. తీగ తీస్తే పట్టీలూ తియ్యాలి, పట్టీలు తీస్తే సగం బరువే మొయ్యాలి. రేపు చూద్దాంలే అనుకున్నాడు. అందరి ముందూ ఒప్పుకున్నవాడు తన బండి కిందికి మాత్రం దూరలేదు.

"నాది నేనే తీసేశానండీ, శుక్రవారం సాయంత్రమే" అంది ఆవిడ. "మీరు చెప్పకపోయినా మీ మొహం చూస్తే తెలిసింది. పట్టీలు కూడా విప్పించాను." తన బండిలోంచి కటింగ్ ప్లేయరు తెచ్చి అతని చేతిలో పెట్టింది. "ముందు అది కోసేసి, అప్పుడు నా వెనక పెట్టుకోండి."

గోనెపట్టా లేదు. ఆదివారం కురిసిన వానకి నేల చిత్తడిగా ఉంది. రోడ్డుకవతల స్టాండు మొత్తం లేచి నిలబడింది. ఎవరో ఈల వేశారు. డాక్టరు బురదలో వెల్లకిలా పడుకుని తన బండి కిందికి జరిగాడు. మట్టి రాలి కళ్ళలో పడింది. తీగ గట్టిగా ఉంది, కట్టినవాడు బాగా కట్టాడు. రెండు చేతులతో నొక్కి ఒకటి, రెండు, మూడు చుట్లూ కోశాడు. కడ్డీ టప్పున తన చోట్లోకి దిగింది. నీలం ముక్క అతని గుండె మీద పడింది.

కింద నుంచి అతనికి పాదాలే కనబడుతున్నాయి. పరుపులావిడవి రెండు. రోడ్డు దాటి వస్తున్నవి ఇంకో రెండు. అవి వచ్చి ఆవిడ ఎదురుగా ఆగాయి.

"చక్కెర ఎంత వెయ్యాలో తెలియక తక్కువే వేశాను" అంది టీ కొట్టాయన భార్య గొంతు.

"తక్కువే తాగుతానక్కా. ఆయన రాత్రి పడుకున్నారా?"

"కొంచెం."

డాక్టరు పక్కకి జరిగి, మోచేతుల మీద బయటికి వచ్చాడు. ఆవిడ తెచ్చింది ఒక్క గ్లాసే. అది పరుపులావిడ చేతిలో ఉంది.

అతను అడగలేదు. నీలం ముక్క జేబులో పెట్టుకుని, స్పానర్ల సంచీ దించుకుని, పట్టీలు విప్పడానికి మళ్ళీ కిందికి దూరాడు.